పిడికెడు బియ్యం, ఒకే బల్ల

(బిషప్ అజరయ్య స్మృతిలో ధర్మసాగర్‌లో చేసిన ఉపన్యాసం పాఠం)

కుర్చీలు చాలలేదని నిర్వాహకులు నొచ్చుకుంటున్నారు. కుర్చీలు చాలనంత మంది రావడం ఉపన్యాసకుడికి ఎప్పుడోగాని దక్కని భాగ్యం, వాళ్లు నొచ్చుకోవాల్సిన పని లేదు.

డోర్నకల్ బిషప్ గారి పేరు మీద సభ ధర్మసాగర్‌లో ఎందుకని వచ్చేటప్పుడు ఒకాయన అడిగాడు. కాజీపేటలో విజయవాడ వైపు బండెక్కితే డోర్నకల్లే. జిల్లాలు ముక్కలు కాకముందు అదీ ఇదీ వరంగల్ జిల్లాయే. పైగా ఈ చుట్టుపక్కల క్రైస్తవం నిన్నమొన్నటిది కాదు. హనుమకొండకు అమెరికన్ బాప్తిస్టులు పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చారు. వరంగల్ కతోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది, దాని ప్రధాన దేవాలయం ఫాతిమానగర్‌లో ఉంది. మన మండలంలోనే కరుణాపురంలో ఈమధ్య లేచిన మందిరాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో బస్సులు కట్టుకుని వస్తున్నారు. గుడులకు కొదవ లేదు, పాటలకూ మైకులకూ అసలే లేదు. అందుకే ఈ ఊళ్లో మాట్లాడాల్సిన విషయం, ఆ గుడుల్లోంచి బయటికొచ్చాక మనం ఏం చేస్తున్నామన్నది.

క్రియలు లేని విశ్వాసం ఎందుకూ కొరగాదని యాకోబు పత్రికలో ఉందని మన సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. క్రియ అంటే ఏమిటని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే వస్తుంది: ధర్మం చేయడం. క్రిస్మస్‌కు దుప్పట్లు, వరదొస్తే బియ్యం మూటలు, ఆసుపత్రిలో పళ్లు, బ్రెడ్డు. వీటిని తప్పు పట్టను. చలిలో ఉన్నవాడికి దుప్పటి దుప్పటే, ఇచ్చినవాడు ఫోటో దిగినా సరే. కానీ తెలుగునాట క్రైస్తవం నిలబడింది దానాల వల్ల కాదని నా అభిప్రాయం. పుచ్చుకునేవాడని లోకం తేల్చేసిన మనిషి ఇచ్చేవాడయ్యాడు. పక్కన కూర్చోవద్దన్న మనిషి పక్కన కూర్చున్నాడు. ఈ రెండూ జరిగిన చోట అది నిలిచింది, జరగని చోట ఈనాటికీ కుంటుతోంది. ఇవాళ చెప్పాలనుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి సాక్ష్యం.

మొదటి సాక్ష్యం కోసం ఒంగోలు పోవాలి.

జాన్ క్లఫ్ అనే అమెరికన్ బాప్తిస్టు 1866లో ఒంగోలులో దిగాడు. బోధకుడు కాకముందు భూములు కొలిచే సర్వేయరు. ఆయన రాకముందే తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు తిరిగి, క్రీస్తు మాట అక్కడ విని, తనంతట తానే ఊరికి మోసుకొచ్చుకున్నాడు. దొరలు వచ్చి మతం ఇచ్చారని చరిత్ర రాసేవాళ్లు పేరయ్యను రెండు వాక్యాల్లో దాటేస్తుంటారు. దొర బండి రాకముందే ఆ దారిన నడిచి వెళ్లి వచ్చినవాడు ఆయన. ఇలాంటి మాదిగలు సంఘంలోకి వస్తుంటే ఒంగోలు పై కులాలవాళ్లు క్లఫ్ దగ్గరికి వచ్చి ఒక బేరం పెట్టారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలు మీ బడికి రారు. అప్పటికి క్లఫ్ ఆశలన్నీ ఆ బడి మీదే. పిల్లలు వెళ్లిపోయినా సరేనని ఆయన మాదిగల పక్షం నిలిచాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. తర్వాతి పదేళ్ల లెక్కలన్నీ ఈ ఒక్క తీర్మానం మీద నిలబడ్డాయి.

ఆ తర్వాత 1876లో మొదలై రెండేళ్లకు పైగా సాగిన పెద్ద కరువు. గంజి కేంద్రాలు పెట్టి చేతులు దులుపుకోవచ్చు. క్లఫ్ గంజితో ఆగలేదు, తన పాత విద్య బయటికి తీశాడు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాడి చేతికి గడ్డపారా తట్టా ఇచ్చి, సాయంత్రం కూలి లెక్కకట్టి ఇచ్చారు. పనిమీద మేస్త్రీలుగా నిలబడ్డది ఆయన తెలుగు బోధకులే. చాలామంది మాదిగవాళ్లు. ఊళ్లో వెట్టి చేసిన మనుషులు అక్కడ ముఠాకు పెద్దలై, మస్తరు చూసి కూలి పంచారు. వెట్టికీ కూలికీ తేడా ఏమిటో తెలంగాణలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

మతం మారుతామని ఆ రోజుల్లోనే వేలమంది అడిగారు. క్లఫ్ ఒప్పుకోలేదు. చేతిలో కూలీ బియ్యమూ ఉన్నంతకాలం బాప్తిస్మం ఇవ్వనని ఏడాదికి పైగా ఆపాడు. సాయం ముగిసిందని, ఇక తన దగ్గర ఇచ్చేందుకేమీ లేదని చెప్పాకనే ద్వారం తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. క్లఫ్ ఒడ్డున ఉండి చూసుకున్నాడే తప్ప తాను ఒక్కరికీ ఇవ్వలేదు.

కూటికోసం మతం మారారు, పాలపిండికీ గోధుమ రవ్వకీ మారారు అని మన మొహం మీదే అనేవాళ్లకు చూపించడానికి ఇది పనికొస్తుంది. నాకు మాత్రం ఆ వాదన మీద ఆసక్తి తక్కువ. ఆకలిగా ఉన్నవాడికి దేవుడు అన్నం రూపంలో కనిపిస్తే అందులో సిగ్గుపడాల్సిందేముంది? సిగ్గుపడాల్సింది వాడిని ఆకలిగా ఉంచినవాడు. క్లఫ్ కథలో నాకు కావలసింది వేరే: ఆయన చేసిన సాయం మనిషి వీపు వంచలేదు. తన కథను చివర్లో ఆయన పుస్తకంగా చెబితే, దానికి రూపమిచ్చింది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. 1914లో వచ్చిన ఆ పుస్తకం పేరులోనే సామాజిక క్రైస్తవం అన్న మాట ఉంది. న్యూయార్కు మురికివాడల్లో పాస్టరుగా పనిచేసి, పేదల పక్షాన సువార్తను చదివిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమెకు తమ్ముడు. అమెరికా సెమినరీల్లో ఈనాటికీ పాఠంగా చెప్పుకునే ఆలోచనకూ ఒంగోలు మాదిగ పల్లెలకూ ఒకే ఇంట్లో చుట్టరికం ఉందన్నమాట.

ఇప్పుడు మన బిషప్ గారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. నాడార్ కులం. ఆ కులం వాళ్లు ఒకప్పుడు తాటిచెట్లెక్కి బతికినవాళ్లు, గుళ్లలోకి రానివ్వక గెంటించుకున్నవాళ్లు. వై.ఎం.సి.ఏ. ఉద్యోగంలో దేశమంతా తిరుగుతున్న మనిషి, సుఖమైన ఆ కొలువు వదిలి 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు రాదు, వచ్చాక నేర్చుకున్నారు. మొదట్లో గుడారంలో కాపురం. పంపింది తెల్లవాళ్ల మిషన్ కాదు, తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో 1903లో పెట్టుకున్న సంఘం. తెలుగు పల్లెలకు బోధకుడిని పంపే ఖర్చు తమిళ పల్లెలు భరించాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్య గారు అక్కడ లేచి మాట్లాడారు. ముప్పై ఆరేళ్లు దాటని నల్లని మనిషి, ఎదురుగా సామ్రాజ్యపు పెద్దలు. మీ త్యాగాలకు రుణపడి ఉన్నాం, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారాంశం. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన భారతీయ బోధకుడిని ఒక్కపూటైనా తమ భోజనాల బల్ల దగ్గరికి పిలవని దొరల సంగతి ఆయన దాచలేదు. సభలో కొందరు చిరాకు పడ్డారు. పడాల్సిందే. డబ్బు అడిగితే ఎవరూ చిరాకు పడేవారు కాదు.

అడిగిన మనిషి తర్వాత బిషప్‌గా ముప్పై రెండేళ్లు డోర్నకల్‌లో ఏం చేశారో చూడాలి. పల్లెల్లో తన శత్రువులు నాలుగన్నారాయన: మురికి, రోగం, అప్పు, తాగుడు. పరలోకం సంగతి అటుంచి పాకీ పనీ పాలికాపు అప్పూ మాట్లాడే బిషప్ అప్పటికి కొత్త. అప్పట్లో షావుకారు దగ్గర అప్పు, ఇప్పుడు ఫైనాన్సు కంపెనీ దగ్గర వారం కిస్తీ. అప్పట్లో కల్లు సారా, ఇప్పుడు బెల్టు షాపు. జాబితా మాత్రం మార్చాల్సిన అవసరం రాలేదు. పల్లెకు పంపే ఉపాధ్యాయుడితో పాటు అతని భార్యకూ చదువు చెప్పించేవారు. బడి అతనిదైతే, బాలింతల ఇళ్లకు వెళ్లగలిగేది ఆమె.

సంఘంలో కొత్తగా చేరేవాళ్ల చేత ఒక పని చేయించేవారు. తమ చేయి తమ తలమీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాటను సొంత మాటగా ఒప్పుకోవాలి. చదువు రాని కూలి మనిషి, నిన్నటిదాకా దొర గడీ ముందు తలవంచుకు నిలబడ్డవాడు, ఇతరులకు చెప్పే బాధ్యత తన నెత్తిమీద తానే పెట్టుకున్నాడు. ఇందులో ఎంత ధైర్యముందో ఆలోచించండి, చెప్పించిన ఆయనకూ చెప్పిన అతనికీ.

ఇక బియ్యం. ఇది చాలామంది మీ ఇళ్లలో చూసిందే. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. ఇల్లాలు మానెడు బియ్యమో జొన్నలో చాటలో పోసుకుని రాళ్లేరుతుంది. కుండలో వేసేముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న ముంతలో వేస్తుంది. పిల్లవాడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. రెండు పూటలా వండే ఇంట్లో రెండు పిడికెళ్లు, ఒక్క పూటే వండే ఇంట్లో ఒక్కటి. ఆదివారం ఆ ముంత గుడికి చేరుతుంది. అన్ని ముంతలూ కలిపి కొలిచి అమ్మితే వచ్చిన డబ్బు సంఘానిది. డోర్నకల్ మేత్రాసనంలో అజరయ్య గారు దీన్ని ఇంటింటా అలవాటు చేశారు. కానుకల గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. పేదవాడి దగ్గర కానుక అడగడం అన్యాయమని జాలిపడ్డవాళ్లతో ఆయనకు పేచీ. అడగకపోవడమే అవమానమని ఆయన పక్షం. నీ దగ్గరేమీ లేదని ఎదుటివాడి మొహం మీద చెప్పడానికి ఆ జాలి మర్యాదైన దారి అంతే.

ఆ ముంత వరస ఇప్పుడు చాలా ఇళ్లలో పోయింది, గ్యాసు పొయ్యితో పాటే పోయిందనుకుంటాను. కోతల పండుగ మాత్రం ఉంది. మన వైపు పల్లెలోనే ఒక కోతల పండుగలో వేలం పాట చూశాను. గుమ్మడికాయలు, కందులు, కట్టేసిన పుంజు, మక్కజొన్న కంకుల కట్ట. ఒక ముసలమ్మ తువ్వాల కొంగులో నాలుగు గుడ్లు తెచ్చింది. వేలం నూట ఇరవై దగ్గర ఆగింది. పాడేది పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు. ముసలమ్మకు ఆ ధర నచ్చలేదు. నూట యాభై అని తనే అరిచింది. తన గుడ్లే. జనం నవ్వారు, పాస్టరు గారూ నవ్వారు. ఆమె నవ్వలేదు, ఆ కుర్రాడి వైపే చూస్తూ నిలబడింది. చివరికి గుడ్లు మూడొందలకు పోయాయి. ఆమె నెలంతా పింఛను మీద బతికే మనిషని తర్వాత తెలిసింది. ఆ పూట గుడిలో ఆవిడను మించిన దాత లేరు.

డోర్నకల్ గుడి సంగతి ఒక్క మాట. చందాలు అందక పాతికేళ్లు లాగి, 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు మన గుడి మండపాల్ని. సీమ నుంచి నమూనా తెప్పించుకుని కట్టిన గుడులు అప్పటికి చాలా ఉన్నాయి. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వాటిలోకెల్లా అందమైనది. కరువులో పని కల్పించడానికి పోస్నెట్ దొర మొదలుపెట్టిన ఆ గుడి గురించి తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు కనుక దాటేస్తున్నాను. డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి గురించీ అంతే. డాక్టరు ఇసబెల్ కెర్ పేరు అందరూ చెబుతారు. దానికి పెద్ద మొత్తమిచ్చిన నిజామాబాదు హిందూ దాత నర్సాగౌడ్ పేరు కూడా ఆ పక్కనే చెప్పడం మర్యాద.

1930ల్లో గాంధీ గారికీ అజరయ్య గారికీ పొసగలేదు. మతం గురించి తేల్చుకునే స్థితి అంటరానివాళ్లకు లేదని, ఆశ చూపి మారుస్తున్నారని గాంధీ గారి ఆక్షేపణ. అప్పటికి డోర్నకల్ మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. పల్లె మాలకూ మాదిగకూ తన మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి ఉందని అజరయ్య గారు వెనక్కు తగ్గలేదు. అదే సమయంలో, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు కావాలన్నవాళ్లనూ ఆయన వ్యతిరేకించారు. అటు కాంగ్రెసుకూ నచ్చలేదు, ఇటు సొంతవాళ్లకూ పూర్తిగా నచ్చలేదు. సుసాన్ హార్పర్ అనే చరిత్రకారిణి ఆయన జీవితం రాస్తూ పుస్తకం పేరులోనే మహాత్ముడి నీడ అని పెట్టింది. ఆ నీడ ఎంత పొడుగంటే, ఈ సభకు వచ్చినవాళ్లలోనే అజరయ్య పేరు నిన్నటిదాకా విననివాళ్లున్నారు.

ఆయన 1945 జనవరి 1న పోయారు. ఆంగ్లికన్లనూ మెథడిస్టులనూ మిగతావాళ్లనూ ఒక్కటి చేయాలని పాతికేళ్లు పాటుపడ్డ ఐక్య సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, 1947 సెప్టెంబరులో పుట్టింది. ఆయన చూడలేదు.

మిషన్లు కలిశాయి, వాడలు కలిశాయా అన్నది అడగాలి. ఒంగోలు బాప్తిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ, రెడ్డి కతోలికులు వేరే. ఏ మిషన్ ఏ వాడలో ముందు దిగితే ఆ వాడ పేరే సంఘం పేరైంది. ఆరాధనలో ఒకరినొకరు అన్నా, అక్కా అని పిలుచుకుంటాం. పెళ్లి చూపులకు వెళ్లేటప్పుడు కులం అడగని క్రైస్తవ కుటుంబాలు ఎన్నున్నాయో చేతులెత్తమంటే నా చేయి కూడా తడబడుతుంది. ఎడిన్‌బరోలో దొరలను ఒకే బల్ల దగ్గరికి పిలవమన్న మనిషి వారసులం. ప్రభురాత్రి భోజనం బల్ల ఒక్కటే పెట్టుకున్నాం, భోజనాల బల్లలు ఎవరివి వాళ్లవే.

రాజ్యం పెట్టిన చిక్కు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం అంటే హిందువే. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మతం మారిన దళితుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బి.సి. సి గ్రూపు, ఒక్క శాతం కోటా. దీన్ని పరిశీలించమని కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈలోగా జనం ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు: కాగితాల మీద ఒక పేరు, గుడిలో ఇంకో పేరు. వీళ్లను అబద్ధికులని ప్రసంగ పీఠం మీంచి తిట్టే పాస్టర్లను విన్నాను. తిట్టేముందు ఒక సంగతి చూసుకోవాలి. ఊరివాళ్లు ఆ మనిషిని ఇంకా పాత కులం పేరుతోనే పిలుస్తున్నారు. సంఘంలోనూ అంతే. కులం పోకుండా కులం వల్ల వచ్చే హక్కు మాత్రమే పోయింది. ఆ మనిషి కొడుకు ఫీజు కట్టే స్తోమత సంఘానికి ఉంటే తిట్టే హక్కు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

సంఘాల ఆస్తుల తగాదాలు, కమిటీ ఎన్నికలు, కోర్టు వాయిదాల గురించి చెప్పమని ఒక మిత్రుడు చీటీ పంపాడు. పత్రికల్లో చదువుకోండి, నా గొంతు దానికి ఖర్చుపెట్టను.

ఒక పని మాత్రం అడుగుతాను. మన వైపు చాలా ఊళ్లలో బొందలగడ్డలు వాడల వారీగా ఉన్నాయి. క్రైస్తవుల శవాలు కూడా మాలల బొందలగడ్డకూ మాదిగల బొందలగడ్డకూ విడివిడిగా పోతున్నాయి. కొన్నిచోట్ల జాగ చాలక గొడవలూ అవుతున్నాయి. ఈ మండలంలో ఉన్న అన్ని శాఖల పాస్టర్లూ కమిటీ పెద్దలూ ఒకచోట కూర్చుని, ఏ సంఘం వాళ్లయినా, ఏ వాడ వాళ్లయినా, ఊళ్లో క్రైస్తవులందరికీ ఒకే బొందలగడ్డ అని ఒక కాగితం రాసుకోవచ్చు. ప్రభుత్వ స్థలం కావాలంటే తహసీల్దారుకు అందరూ కలిసి అర్జీ పెట్టవచ్చు. దీనికి విదేశీ చందా అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. ఈ యేటి కోతల పండుగ వేలం డబ్బులో కొంత ఆ జాగ చుట్టూ కంచెకు తీస్తే ఆ ముసలమ్మ గుడ్ల సొమ్ముకు లెక్క దొరుకుతుంది.

అది కష్టమని, పెద్దలు ఒప్పుకోరని, చచ్చినవాళ్ల దగ్గర ఆచారం మార్చకూడదని అభ్యంతరాలు వస్తాయి. ముందు వరుసలో నాలుగు శాఖల పాస్టరు గార్లు కూర్చున్నారు, వీళ్లందరూ ఇంత దగ్గరగా కూర్చోవడం రోజూ కుదిరేది కాదు. ఆ అభ్యంతరాలేవో ఇప్పుడే వినిపించమని కోరుతున్నాను. మైకు అటు ఇవ్వండి.